ద్రాక్షగుత్తిలో ఆకు

కృపావతి ముంగిట్లో టార్పాలిన్ పరదా మీద ఎండబోసిన కాఫీ పళ్లను కాలితో తిరగేస్తూ ఉండగా, ఆమె భర్త భాస్కర్ దేశాలకు అపొస్తలుడయ్యాడు. ఒక వరస తిరగేసి రెండో వరసలో కాలు పెట్టేసరికి ఫోను మోగింది. అరకులో జరుగుతున్న ‘ఫలభరిత జీవిత మహా శిబిరం’ నుంచి అతని గొంతు వినిపించింది.

“కృపా! నా పిలుపేటో తెలిసిపోనాదే. నేను దేశాలకి అపొస్తలుడ్నట, తిరిగి సువార్త సెప్పాలట!”

“ఏ దేశాలకి?”

“అన్నిటికీని. రేపొచ్చేత్తన్నాను. బేగి కోడి కొయ్యి.”

కృపావతికి గర్వంగానే అనిపించింది. ఘాట్ రోడ్డులో బస్సెక్కితే కిటికీ వదలని మనిషికి, మూడో మలుపుకే కడుపులో ఉన్నదంతా కక్కేసే మనిషికి, అన్ని దేశాలూ ఒకేసారి అప్పగించడమంటే మాటలు కాదు.

ఆ తర్వాతి ఆదివారం శిబిర నాయకుడు ధర్మతేజ స్వయంగా కొండెక్కారు. మైదానం నుంచి వచ్చిన ఈయన వృత్తిరీత్యా ఫలాభివృద్ధి నిపుణులు. విశ్వాసి తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, క్రీస్తులో అతనెవరో, ఏ ఫలం కోసం పిలవబడ్డాడో చెప్పేయగలరు. ఆయన చేతి చలవ వల్ల మరుగున పడి ఉన్న సత్యాలెన్నో ఆ ఒక్క పూటలో వెలుగు చూశాయి. సర్పంచిని మించిన అధికారిని ఎరగని సుక్రు రాజులకు ప్రవక్త అని తేలింది. గుమ్మడిపాదు గొడవ నాటి నుంచి అత్తతో మాట్లాడని సరళ శాంతి సమాధానాల రాయబారి అయింది. ఆ అత్త రత్నాలుకు ఓదార్పు వరం దక్కింది. ఆ సంగతి తెలిసి కోడలు ఏడ్చింది.

భోజనాల వేళకు సంఘంలో విశ్వాసి అన్నవాడు మిగల్లేదు. అందరూ నాయకులే. తిన్న విస్తళ్లు ఎవరు తియ్యాలన్న చిన్న పరిపాలనా సమస్య ఒకటి తలెత్తింది. ఆ వరం ఎవరికీ రాలేదు గనుక విస్తళ్లను సగౌరవంగా ఉన్నచోటే ఉంచేశారు. కృపావతి తీసింది.

చేతులు కడుక్కుని వచ్చి ఆమె కూడా తల వంచింది. ధర్మతేజ చాలాసేపు చెయ్యి ఉంచారు, నుదురు చిట్లించారు, చెయ్యి మార్చారు కూడా.

“సిస్టర్, మీలో ఇంకా ఆకులే కనబడుతున్నాయి. ఫలం జాడ లేదు. కంగారు పడకండి. ప్రభువు సన్నిధిలో కనిపెట్టుకుని ఉండండి.”

ఫలించని తీగను ఏం చేస్తారో కృపావతి బైబిల్లో చదివింది. కాఫీతోటలో ఎండుకొమ్మలు నరికి పొయ్యిలో పెట్టడం తన చేత్తో చేసిన పనే. ఆవేళ కోడికూర ఆమెకు సయించలేదు.

వారం తిరగకుండానే ప్రార్థన మందిరం ముందు ఫ్లెక్సీ వెలిసింది. ఆ కొండమీద ఎన్నడూ కాయని ద్రాక్ష అందులో విరగకాసింది. ఒక్కో పండులో ఒక్కో నాయకుడి ముఖం. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్ద పండులో, నల్లకళ్లద్దాలతో భాస్కర్. అట్టడుగున ఒక ఆకు మీద, ఆధార్ కార్డులోని ముఖంతో కృపావతి.

ఆమె ఊరికే కూర్చోలేదు. ప్రవచన వరముందేమోనని, శనివారం వాన పడదని ప్రవచించింది. శనివారమే పడింది. ఆ మాట నమ్మి పరదా కప్పనివాళ్ల కాఫీ తడిసిపోయింది, అందరికన్నా ముందు ఆమెదే. పాటల వరమేమోనని గొంతెత్తితే సుక్రు మేకలు రెండు రోజులు ఇంటికి రాలేదు. ఎవరికీ అర్థం కాని అన్యభాషల వరం కోసం కళ్లు మూసుకుని కూర్చుంటే నోట వచ్చింది వాళ్ల అమ్మమ్మ మాట్లాడే కొండభాష. ఊరంతటికీ అర్థమైపోయింది.

ఈ అన్వేషణకు అడ్డంకులు కూడా తక్కువేం కాదు. కొండదేవతకు మొక్కే చిన్నమ్మలు అనే ఒంటరి ముసలమ్మ ఆ పక్కనే ఉంటుంది. ఆమెకు అంబలి పట్టుకెళ్లడం, తల దువ్వడం, ఇల్లు అలకడం... వీటితోనే పొద్దు గడిచిపోయి పిలుపు వెతుక్కోవడానికి తీరిక చిక్కడం లేదని కృపావతి దిగులు.

“మొకం అలగున్నాదేటే?” అని అడిగింది చిన్నమ్మలు ఒకనాడు.

“నాకు ఫలం లేదట పిన్నీ.”

“అంబలిలో ఉప్పూ లేదు. ముందది సూడు.”

ఆ మర్నాడే, ముసురులో చిన్నమ్మలు వాగు దగ్గర జారి కాలు విరగ్గొట్టుకుంది. అంబులెన్సు కింద తారురోడ్డు దాకానే వస్తుంది. అక్కడి వరకు కర్రకు దుప్పటి కట్టి, డోలీలో మోసుకెళ్లాలి. కృపావతి ఇంటికి పరుగెత్తింది. ఇంట్లో నాయకత్వ సమావేశం జరుగుతోంది.

“పిన్ని కాలిరిగిపోనాది! డోలీ కట్టాల, బేగి రండి!”

“నాది బయట దేశాలే కృపా,” అన్నాడు భాస్కర్ నిజంగానే బాధపడుతూ. “రోడ్డు దాకా అంటే అది దేశం కాదు గదా.”

“నేను రాజులకి,” అన్నాడు సుక్రు. “ముసల్దానికి ప్రవచించే అధికారం నాకు ఇవ్వనేదు.”

“నిన్నెవులు ప్రవచించమన్నారు? కర్రట్టుకోమన్నాను!”

విషయం తీవ్రమైనది కనుక ధర్మతేజకు ఫోను చేశారు. “మోయడం ప్రత్యేకమైన వరం,” అని ఆయన గొంతు గంభీరంగా పలికింది. “పిలుపు లేని పనిలో ఫలం ఉండదు. మోసే మనిషిని లేపమని ప్రార్థించండి.” వెంటనే అందరూ మోకరించారు. అంత బలమైన భుజాలు అంత వినయంగా వంగడం ఆ కొండ ఎన్నడూ చూసి ఉండదు.

కృపావతి ఒక్క క్షణం ఆలోచించింది. ‘నాకెలాగూ ఫలం లేదు. కొత్తగా పోయేదేముంది?’ అనుకుని కర్ర అందుకుంది. వంటింట్లో సభ్యులకు టీ కాస్తున్న సరళనూ, కోడలి వైపు చూడకుండా, గోడకు చెబుతున్నట్టు ఆ టీకి వంకలు పెడుతున్న రత్నాలునూ చెయ్యి పట్టి లాక్కెళ్లింది.

ముందు సరళ, వెనక రత్నాలు. మధ్యమధ్య కృపావతి ఇద్దరి భుజాలకూ విశ్రాంతినిచ్చింది. మందిరం దగ్గరికి వచ్చేసరికి వాన పెద్దదయింది. ఆమె ఫ్లెక్సీ తాళ్లు తెంపి ముసలమ్మకు కప్పింది. ఆ విధంగా సంఘ నాయకులందరూ ఒక రోగి వెంట ఆస్పత్రికి తరలివెళ్లారు. సంఘం పుట్టాక ఇదే మొదటిసారి.

“నా కడుపు మీద కూకున్నాడు, ఈడెవుడే?” అని డోలీలోంచి మూలిగింది చిన్నమ్మలు.

“మా ఆయనే పిన్నీ. దేశాలకి అపొస్తలుడు.”

“దేశాలకెల్లేముందు కొంచెం పక్కకి జరగమను. బరువుగున్నాడు.”

నవ్వితే కాలు నొప్పెట్టి ముసలమ్మ తిట్టింది. ఆ తిట్లకు మోసేవాళ్లు ఇంకా నవ్వారు. దిగుడులో సరళ కాలు తడబడింది.

“నెమ్మదే గుంటా, రాయున్నాది,” అంది వెనక నుంచి రత్నాలు. గుమ్మడిపాదు తర్వాత అదే తొలి మాట.

“సూసేన్లే అత్తా,” అంది సరళ.

రోడ్డు మీద అంబులెన్సు మనిషి కృపావతిని అడిగాడు. “ఈవిడకి మీరేటవుతారు?”

ఆమె తడుముకుంది. అపొస్తలురాలు కాదు, రాయబారి కాదు. ‘ఏసయ్య మనిషిని’ అనబోయి, “ఈవిడ మనిషిని” అనేసింది. రెండింటికీ తేడా ఏముందో ఆ వానలో ఆమెకు తోచలేదు.

కాలికి కట్టుతో చిన్నమ్మలు తిరిగొచ్చిన ఆదివారం, ధర్మతేజ నాయకులందరితో కలిసి కృపావతి ఇంటికి వేంచేశారు.

“ప్రియులారా! మోసే మనిషిని లేపమని మనం మోకరించాం. ప్రభువు లేపాడు. ఇది మన ప్రార్థనా ఫలం! మన సిస్టర్ ఇక ఆకు కాదు. ‘అంతర్జాతీయ డోలీ పరిచర్య’ స్థాపకురాలు!”

చప్పట్లు మోగాయి. స్థాపకురాలి కష్టం తగ్గించడానికి భాస్కర్‌ను ఏకగ్రీవంగా డైరెక్టరును చేశారు. పాత ఫ్లెక్సీ బురదపాలైంది కనుక కొత్తది వేయించి, అందులో కృపావతికి అతి పెద్ద ద్రాక్షపండు కేటాయించాలని తీర్మానించారు. సుక్రు ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

“ఇప్పుడు మీ సాక్ష్యం చెప్పండి సిస్టర్!”

కృపావతి పొయ్యి మీంచి అంబలి దించింది. రుచి చూసి ఇంకాస్త ఉప్పు వేసింది. గిన్నె మీద మూత పెట్టి చేత పట్టుకుని, గుమ్మంలో గుట్టపడిన నాయకుల చెప్పులు దాటుకుని, ఒక్క మాటా అనకుండా బయటికి వెళ్లిపోయింది.

“మౌన వరం!” అని ధర్మతేజ కేక పెట్టారు. ఆ వరం గురించి అందరూ తలా కాసేపు ప్రసంగించారు. వెలుతురు చాలక వీడియో సరిగా రాలేదని సుక్రు గుమ్మంలోకి వచ్చి, “వొదినా, ఇంకోపాలి బయటికెల్లు!” అని అరిచాడు గాని, వినడానికి ఆమె అక్కడ లేదు.

పండుకు తగ్గ ఫొటోకు ఆమె చిక్కలేదు కాబట్టి కొత్త ఫ్లెక్సీలో ఒక పెద్ద ద్రాక్షపండు ఖాళీగా ఉంది. ఆసక్తి గల పాఠకులు ఫొటో పంపుకోవచ్చు. డోలీ మొయ్యనక్కర్లేదు.