నా నిద్ర చెడగొట్టిన అమ్మాయిల జట్టు

మన మహిళల ఫుట్‌బాల్ జట్టు ఓడిపోవడం దేశానికి మంచిది. మొహం అలా పెట్టకండి, పూర్తిగా వినండి!

మగవాళ్ల జట్టు ఓడితే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. టీవీలు పగులుతాయి. ఆఫీసుల్లో మేనేజర్లు కారాలు మిరియాలు నూరుతారు. మా బావగారైతే రెండు పూటలు భోజనం మానేసి మా అక్కయ్య ప్రాణం తోడేస్తాడు. అదే అమ్మాయిల జట్టు ఓడితే? ఏమీ కాదు! అసలు ఆడినట్టే ఎవరికీ తెలీదు. ఇంత మర్యాదగల జట్టు ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి?

అంతర్జాతీయ టోర్నమెంట్లలో వాళ్ల రికార్డు కూడా చాలా సౌకర్యంగా ఉండేది. ఎప్పుడు వెళ్లినా మొదటి రౌండే, తిన్నగా ఇంటికే. గుర్తుపెట్టుకోవడానికి బుర్రకి బొత్తిగా శ్రమ లేదు.

నా బాధ వేరు. నేను పళ్ల డాక్టర్ని. పగలంతా డ్రిల్లు పట్టుకుని జనాన్ని ఏడిపిస్తాను. మా పైవాటా ఆయన కొత్త టైల్స్ వేయించుకుంటూ నన్ను ఏడిపించడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం కునుకు పడకపోతే నా చెయ్యి వణుకుతుంది. వణికే చేతిలో డ్రిల్లు! ఆలోచించండి.

"ఎక్కడికైనా వెళ్లి పడుకోండి మహాప్రభో, నా మీద మాత్రం విసుక్కోకండి" అంది మా ఆవిడ.

సరిగ్గా అప్పుడే మా వీధి చివరి స్టేడియంలో మహిళల అంతర్జాతీయ టోర్నమెంటు మొదలైంది. ప్రవేశం ఉచితం. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి కొత్త అల్లుడొచ్చినంత సంబరపడ్డాడు. లోపల వేల సీట్లు, ఒక మినీ వ్యాన్‌లో పట్టేంత జనం. చల్లని నీడ చూసుకుని మొహం మీద రుమాలు వేసుకున్నాను. ఆ రోజు మనవాళ్లు నాలుగు గోల్స్ తిన్నారట. ఒక్కదానికీ నాకు మెలకువ రాలేదు. దేశభక్తుడు జట్టు నుంచి ఇంతకంటే ఏం కోరుకుంటాడు?

రెండో మ్యాచ్‌కి కష్టం వచ్చిపడింది. అన్ని వేల ఖాళీ సీట్లూ వదిలేసి, ఒకావిడ వచ్చి సరిగ్గా నా వెనకే కూర్చుంది. బస్ కండక్టర్ యూనిఫాం, మెడలో విజిల్.

"ఒసేయ్ గోడా! ఎడమ పక్క చూడవే!"

ఉలిక్కిపడి లేచాను. గోడ అంటే మన గోల్‌కీపర్. ఈవిడ కూతురే. మొదట్లో గోల్స్ వదిలేస్తుంటే ఎవరో వెటకారంగా 'కూలిన గోడ' అన్నారట. తర్వాత 'కూలిన' రాలిపోయి గోడ మిగిలింది.

"కొంచెం నెమ్మదమ్మా, పడుకున్నాను" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "వాళ్లక్కడ పరిగెడుతుంటే మీకు నిద్రెలా పడుతోంది అన్నయ్యగారూ?"

"మీరు అరవకపోతే బాగానే పడుతోందమ్మా."

"సరే పడుకోండి. గోల్ కొడితే లేపుతాను."

అన్నట్టే లేపింది. భుజం ఊడిపోయేలా! ఆ ఒక్క గోల్‌తో మనవాళ్లు గెలిచారు. ఆవిడ విజిల్ నోట్లో పెట్టుకునే ఏడుస్తోంది, కుయ్ కుయ్‌మని. నాకు ఒళ్లు మండిపోయింది. గెలవడం ఒకసారి అలవాటైతే ఇక నిద్రెక్కడ?

నా భయమే నిజమైంది. ఎలాగో గట్టెక్కి, చరిత్రలో మొదటిసారి సెమీఫైనల్‌కి వచ్చేశారు. నిజానికి టైల్స్ పని అప్పటికే అయిపోయింది. అయినా వెళ్లాను. ఎందుకని అడక్కండి, మా ఆవిడ అడిగింది చాలు.

ఒక గోల్ ఆధిక్యంతో ఆట చివరికొచ్చింది. గోడ బంతి మీదికి దూకింది. ఎవరిదో బూటు మూతికి తగిలింది. రక్తం. జట్టుకి డాక్టర్ లేడు! నేను కంచె దూకాను. నా వయసుకీ నా పొట్టకీ అది దూకడం కాదు, దొర్లడం.

"నోరు తెరువమ్మా, డాక్టర్ని."

"తర్వాత. ఇంకా కార్నర్ కిక్ ఉంది." అరచేతిలోకి ఏదో ఉమ్మి నా చేతిలో పెట్టింది. ముందు పన్ను, వేరుతో సహా! "ఇది పట్టుకోండి అంకుల్."

ఊడిన పన్ను పాలల్లో ఉంచితే మళ్లీ పెట్టొచ్చు. కాఫీ కొట్టుకి పరిగెత్తి చల్లని పాలు పోయించుకున్నాను. ఆ కప్పు రెండు చేతులా పట్టుకుని కార్నర్ చూశాను. గోడ గాల్లోకి లేచి బంతిని పిడికిలితో బయటికి గుద్దింది. రిఫరీ ఆఖరి విజిల్ ఊదాడు. ఫైనల్! కప్పులో పాలు సగం నా చొక్కా మీదున్నాయి. పన్ను క్షేమం. అప్పటికప్పుడు క్లినిక్‌కి తీసుకెళ్లి, పన్ను పెట్టి వైరు కట్టాను. కండక్టరమ్మ విజిల్ నమిలేసింది.

ఇక ఫైనల్. జనం విరగబడి వచ్చారు. కానీ స్టేడియం గేటుకి తాళం! వచ్చే వారం మగవాళ్ల జట్టు స్నేహపూర్వక మ్యాచ్ ఉంది కాబట్టి గడ్డికి విశ్రాంతి కావాలన్నారు ఫుట్‌బాల్ సంఘం సెక్రటరీ గారు. అమ్మాయిల ఫైనల్‌ని వెనకనున్న ప్రాక్టీస్ గ్రౌండ్‌కి మార్చారు. గ్యాలరీ లేదు. ఇనుప కంచె చుట్టూ నిలబడి చూశాం. ఆఖర్లో ఒక మామూలు షాట్, నేల మీద దొర్లుకుంటూ వచ్చింది. గోడ ముందు గుంటలో పడి, ఎగిరి, ఆమె చేతుల పైనుంచి లోపలికి పోయింది. ఒక్క గోల్. ఓడిపోయాం.

"అమ్మాయిలు కదా, ఒత్తిడి తట్టుకోలేకపోయారు" అన్నారు సెక్రటరీ గారు మైకులో.

తర్వాత పన్ను చూపించుకోవడానికి గోడ వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలింది.

"ఆ గుంట ముందురోజే చూశాను అంకుల్. మట్టి పోసి తొక్కాను కూడా. సరిపోలేదు."

నోరు తెరువమ్మా అన్నాను. పళ్ల డాక్టర్లం, మాకు ఎదుటివాళ్ల నోరు తెరిపించడమే వచ్చు.

పాఠకులారా, గడ్డి సంగతి కూడా చెప్పాలి కదా. వారమంతా అది హాయిగా విశ్రాంతి తీసుకుంది. ఆ మెత్తని పచ్చదనం మీద, కిక్కిరిసిన స్టేడియంలో, మగవాళ్ల జట్టు అయిదు సున్నాతో ఓడింది. సెక్రటరీ గారు మళ్లీ మైకు అందుకున్నారు. మన కుర్రాళ్ల తప్పేమీ లేదట. ఎవరూ తొక్కకపోవడం వల్ల గడ్డి మరీ ఒత్తుగా పెరిగిపోయిందట!