గాలికి ప్రారంభోత్సవం

మా ఊరి గాలి ఇన్నాళ్లూ ఎవరి పర్యవేక్షణా లేకుండా వీస్తోందనీ, ఇకమీదట ఆ దుస్థితి ఉండబోదనీ పర్యాటక శాఖ మంత్రిగారు ప్రకటించారు. విని మేమంతా సిగ్గుపడ్డాం. దిక్కూ మొక్కూ లేకుండా వీస్తున్న గాలిని ఇన్నేళ్లు హాయిగా పీల్చుకుంటూ కూర్చున్నామే గానీ, దాని తరఫున ఒక్కరమూ అర్జీ పెట్టలేదు.

మా ఊరి వాతావరణానికి పేరు రాకపోవడానికి దాని మంచితనమే కారణం. ఎండ కాస్తుంది, మాడ్చదు. చలి వేస్తుంది, వణికించదు. వాన వచ్చి తన పని చూసుకుని వెళ్లిపోతుంది. చుట్టాలు ఫోన్లో అక్కడెలా ఉందని అడిగితే బాగానే ఉందంటాం. అక్కడితో ఆ సంగతి అయిపోతుంది. వరదొచ్చిన ఊరికి మంత్రులొస్తారు, కరువొచ్చిన ఊరికి నిధులొస్తాయి. బాగానే ఉన్న ఊరికి ఎవరొస్తారు? మావాళ్లే సెలవులకి పొగమంచు కురిసే ఊళ్లకి వెళ్లి, ఏమీ కనపడక, జలుబు పట్టించుకుని వచ్చి, అద్భుతంగా ఉందని చెబుతారు.

అలాంటి ఊరి గాలిని ప్రారంభించడానికి మంత్రిగారు స్వయంగా వస్తున్నారన్నారు. మా ఇల్లు నాలుగు రోడ్ల కూడలిలో ఉండటం వల్ల ఆయన ఫ్లెక్సీ కట్టే గౌరవం మాకు దక్కింది. పార్టీ కార్యకర్త మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, పిట్టగోడ నుంచి కింది అరుగు దాకా మంత్రిగారిని దించాడు. "స్వచ్ఛమైన గాలికి సుస్వాగతం" అని ఆయన గుండెల మీద రాసి ఉంది. మా మేడ మీది కిటికీ ఆయన వెనక్కి వెళ్లిపోయింది.

ఆ కిటికీ పక్కనే మా అక్క మంచం. నా భార్య పోయాక నాకు తోడుగా వచ్చి ఉంటోంది. ఆమెకి ఆయాసం. పగలంతా ఊపిరి బరువుగా లాగుతూ ఉంటుంది. సాయంత్రం పడమటి గాలి తిరిగి కిటికీలోంచి రాగానే, ముడి విప్పినట్టు ఛాతీ తేలికపడుతుంది. పక్క గదిలో పేపరు చదువుకుంటూ ఆ మార్పు వింటాను. రోజుకి అదొక్కటి వింటే నాకు చాలు. మందులు మార్చినా ఫర్వాలేదు గానీ ఆ కిటికీ మాత్రం మార్చకండి అని డాక్టరు కూడా చెప్పాడు.

ఫ్లెక్సీ కట్టిన సాయంత్రం గాలి వచ్చింది. మంత్రిగారి దాకా వచ్చి ఆగిపోయింది. అక్క రాత్రంతా దిండ్లకి ఆనుకుని కూర్చునే ఉంది.

పొద్దున్నే కార్యకర్తని పట్టుకుని, కాస్త కిందికి దించమన్నాను.

"మంత్రిగారిని దించడమేంటి సార్, ఎన్నికల ఏడాది," అన్నాడు.

పోనీ పక్కకి జరపమన్నాను. అప్పుడు సగం మొహం సందులోకి తిరిగిపోతుందట. మంత్రి సగమే వచ్చాడంటారట. చివరికి చిన్న చిల్లు పెట్టుకుంటామన్నాను. కిటికీ ఎక్కడొస్తుందో చూడాలన్నాడు. అక్క లోపలి నుంచి ఫ్లెక్సీని వేలితో పొడిచింది. అతను రోడ్డు అవతల నిలబడి చూసి, నెమ్మదిగా చెప్పాడు.

"నోటి దగ్గరొచ్చింది సార్. నోరు నా చేతిలో లేదు. పైవాళ్లని అడగాలి."

అడిగాడు. పైవాళ్లు దయగలవాళ్లు. ముక్కుకి రెండు చిల్లులు పెట్టుకోవచ్చు, చూడ్డానికి సహజంగా కూడా ఉంటుంది, నోరు మాత్రం కుదరదన్నారు. ముక్కు వెనక మా ఇంటి గోడ ఉంది. ఆ మాట చెబితే, గోడ సంగతి మాకు సంబంధం లేదన్నారు.

ప్రారంభోత్సవం రోజున కూడలిలో పెద్ద గుడారం వేశారు. అతిథులు ఇబ్బంది పడకుండా నలువైపులా మూసేసి ఏసీలు పెట్టారు. లోపల మంత్రిగారు మా గాలి గురించి గంటసేపు మాట్లాడారు. బయట పర్యాటక అధికారి, ప్రారంభించేదాకా గాలిలో నిలబడొద్దని జనాన్ని పక్కకి నెడుతున్నాడు.

మేడ మీద అక్క పెదవులు రంగు మారుతున్నాయి.

"ఒరేయ్, కత్తెర తే," అంది.

"వాళ్లు ఒప్పుకోలేదక్కా."

"వాళ్లకి ఆయాసం లేదుగా. తే."

పై పెదవి వెంబడే, మీసం తెగకుండా, చివరి నుంచి చివరికి ఎంత ముచ్చటగా కోసిందో. రెండు పక్కలా కిందికి చీల్చింది. గాలి ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. అక్క కళ్లు మూసుకుంది. కాసేపటికి ఊపిరి దారిలో పడింది.

సరిగ్గా అప్పుడే మంత్రిగారు గాలిని ప్రారంభించే మీట నొక్కడానికి గుడారంలోంచి బయటికి వచ్చారు. నేను మంత్రిగారి నోట్లోంచి మంత్రిగారిని చూశాను. కోసిన ముక్క గాలికి లేస్తూ పడుతూ ఉండటంతో, ఫ్లెక్సీలో ఆయన నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. కార్యకర్త ఓ స్తంభం పట్టుకున్నాడు. మంత్రిగారు తలెత్తి చాలాసేపు చూసుకున్నారు. ఆయన కాలరు మైకు ఇంకా ఆపలేదు కాబట్టి ఊరంతా విన్నది.

"నేనేం మాట్లాడుతున్నాను?"

"గాలి గురించేనండి," అన్నాడు అధికారి.

లోపల అక్క దగ్గింది.

"సౌండ్ ఎఫెక్టండి," అన్నాడు అధికారి.

మంత్రిగారు కరిగిపోయారు. ఒక పక్క తను నిలబడి ఉండగానే ఇంకో పక్క తను మాట్లాడుతూ ఉండటం ఏ నాయకుడికైనా కల. మీట నొక్కడం కూడా మరిచిపోయి, ఈ పద్ధతి ప్రతి ఊళ్లోనూ అమలు చేయాలని అక్కడికక్కడే ఆదేశించి వెళ్లిపోయారు. మా గాలి ఇప్పటికీ ప్రారంభం కాకుండానే వీస్తోంది.

ఆ వారంలోనే కార్యకర్త నవ్వుకుంటూ వచ్చాడు. మా ఇల్లు రాష్ట్రానికే నమూనాగా ఎంపికైందన్నాడు. చిరిగినదాన్ని విప్పించాడు. ఆ కాసేపూ కిటికీ మొత్తం మాదే. అక్క మంచం మీద నుంచి లేచి వెళ్లి ఊచలు పట్టుకుని నిలబడింది. రోడ్డు మీద వెళ్లేవాళ్లని చూస్తూ, ఇవాళ ఎంత బాగుందిరా అంది.

అప్పుడు ఇనప చట్రంతో, దళసరి రకంతో కొత్త ఫ్లెక్సీ వచ్చింది. ఎన్నికల దాకా చెక్కుచెదరదట. గది చీకటైంది. అక్క నా వైపు చెయ్యి చాపింది. నేను కత్తెర కోసం సొరుగు లాగాను.

కార్యకర్త కింది నుంచి పిలిచాడు.

"కత్తెర అక్కర్లేదు పెద్దమ్మా. ఈసారి నోరు తెరిచి ఉన్నట్టే ప్రింట్ వేయించాం."