లెన్సు పుస్తకాల పేర్లు చెప్పిన మహానుభావులు

లెన్సు డిజైన్ నేర్చుకోవడానికి లెన్సు అక్కర్లేదు. డిజైనూ అక్కర్లేదు. నేర్చుకోవడం అయితే అసలే అక్కర్లేదు. ఏ పుస్తకం చదవాలో తెలిస్తే చాలు!

ఈ మాట అన్నందుకు కొందరు నన్ను ఎగాదిగా చూస్తున్నారు. చూడనివ్వండి. ఈ రోజుల్లో ఏదైనా నేర్చుకుంటానని ఒక్క మాట అని చూడండి, ఇంకో మాట అనేలోపు గంపెడు పుస్తకాల పేర్లు వచ్చి ఒళ్లో పడతాయి. దీన్ని బెడద అనేవాళ్లున్నారు. కృతఘ్నులు! పూర్వం ఒక పుస్తకం పేరు తెలుసుకోవాలంటే లైబ్రేరియన్ గారి మూడ్ బాగున్న రోజు చూసుకుని వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు అడగనివాళ్లకు కూడా చెబుతున్నారు. ఇంతకన్నా దానధర్మం ఏముంటుంది?

నమ్మకం కుదరకపోతే చిలకలపూడి ప్రసన్నలక్ష్మి సంగతి వినండి.

ప్రసన్నలక్ష్మి బందరులో బీయస్సీ ఫిజిక్స్ చదివింది. పెళ్లయ్యాక చిలకలపూడిలో రోల్డు గోల్డు నగలకు రాళ్లు పొదిగే పనిలో కుదురుకుంది. భర్త నాగవంశీది నగలకు అతుకులు వేసే పని. అతను వీధి గదిలో, ఆవిడ కిటికీ పక్కన. ఆవగింజంత రాయిని పట్టకారుతో పట్టి దాని గుంటలో దాన్ని కూర్చోబెట్టాలి. కంటికి భూతద్దం బిగించుకుంటే గానీ ఆ గుంట కనిపించదు. భూతద్దంలో కనిపించాలంటే నగ ముక్కుకు తగిలేంత దగ్గరికి రావాలి. బల్ల మీద బిగించిన నగ రాదు కాబట్టి మెడే వెళ్తుంది.

ఏళ్ల తరబడి అలా వెళ్లిన మెడ ఒక రోజు వెనక్కి రావడానికి మొరాయించింది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇలాగే వంగి కూర్చుంటే ఈ పని మానెయ్యాల్సొస్తుందమ్మా" అన్నాడు. ఆ మాట ఆవిడకు మెడ నొప్పికన్నా ఎక్కువ నొప్పి పుట్టించింది. రాళ్లు పొదగడమంటే ఆవిడకు ప్రాణం. తాను పొదిగిన నెక్లెస్ బస్సులో ఎవరి మెడలో ఉన్నా ఇట్టే గుర్తుపడుతుంది, గుర్తుపట్టి ఆ రోజంతా సంతోషంగా ఉంటుంది.

తలకు తొడుక్కునే అద్దం ఒకటి తెప్పించుకుంది. దాంతో హాయిగా నిటారుగా కూర్చోవచ్చు. కాకపోతే అందులోంచి చూస్తే ప్రతి రాయి అంచునా ఇంద్రధనుస్సే. ఏది తెల్ల రాయో, ఏది లేత గులాబీదో తేలక తెల్ల వరసలో గులాబీవి పొదిగి పంపింది. పని ఇచ్చే షాపు నాగేంద్రబాబు ఆ నెక్లెస్ పట్టుకుని తిరిగొచ్చి, "ఏమ్మా, పెళ్లికూతురు మెడకి తట్టు పోసినట్టుందే" అన్నాడు.

అదిగో, అప్పుడు ఆవిడకు పట్టుదల వచ్చింది. మూరెడు దూరం నుంచి చూపించే అద్దం, రంగులు చిమ్మని అద్దం కావాలి. బజారులో దొరక్కపోతే తానే డిజైన్ చేసుకుంటుంది. చదివింది ఫిజిక్సే కదా! కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మర్యాదగా అడిగింది: "లెన్సు డిజైన్ నేర్చుకోవాలంటే ఏ పుస్తకం చదవాలండీ?"

ఆ గ్రూపులో నేనూ సభ్యుణ్ణే. ఆ రోజు మేం చేసిన సేవ తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

గుడివాడలో కోచింగ్ సెంటర్ నడిపే బాబ్జీ గారు అందరికన్నా ముందు అందుకున్నారు. నీలం అట్ట లావుపాటి పుస్తకం ఫొటో పెట్టి, "ఈ సబ్జెక్టుకి ఇదే వేదం. ఇది చదవనివాళ్లు లెన్సు ముట్టుకోకూడదు" అని తీర్పిచ్చారు. రిటైరై దివిసీమలో స్థిరపడ్డ లెక్చరర్ వీరాంజనేయులు మాస్టారు, "నీలం పుస్తకం అర్థం కావాలంటే ముందు పచ్చ పుస్తకం చదవాలమ్మా" అన్నారు. పచ్చ పుస్తకానికి ముందు ఇంకేదో కాంతి శాస్త్రం. దానికి ముందు కాలిక్యులస్. దానికి ముందు ట్రిగనామెట్రీ. ఒకాయన పదో తరగతి గణితం దగ్గర ఆగాడు. దయగల మనిషి. ఇంకాస్త వదిలేస్తే పలకా బలపం దాకా తీసుకెళ్లేవాడే.

ఆ తర్వాత ఎడిషన్ల దగ్గర పట్టింపులొచ్చాయి. మూడో ఎడిషన్ కొనొద్దు, మంచి చాప్టర్ తీసేశారని ఒకరు. ఆ చాప్టర్ తీసేశారు కాబట్టే అది మంచి ఎడిషన్ అని ఇంకొకరు. ఆ చాప్టర్లో ఏముందని మాత్రం ఎవరూ అడగలేదు. అంత చిన్న విషయం దగ్గర ఆగిపోతే చర్చ ముందుకెలా సాగుతుంది? నా వంతుగా నేను ఒక జర్మన్ పుస్తకం పేరు చెప్పాను. నాకు జర్మన్ రాదు. పుస్తకానికి వచ్చు కదా!

ఇందువల్ల ఎన్ని లాభాలు కలిగాయో చూడండి. ఎలక్షన్లప్పటి నుంచి మాటల్లేని ఇద్దరు మిత్రులు పచ్చ పుస్తకం విషయంలో ఏకమయ్యారు. పలకరించే దిక్కులేని మాస్టారికి ఫోన్ల మీద ఫోన్లు. ప్రసన్నలక్ష్మి ఫోను పీడీఎఫ్‌లతో కిక్కిరిసిపోయి, ఆడపడుచు పంపే వాయిస్ మెసేజీలు తెరుచుకోవడం మానేశాయి. కాపురానికి ఇంతకన్నా మేలు చేసే శాస్త్రం మీకు తెలిస్తే చెప్పండి!

సరే, ముందు వేదం దర్శనం చేసుకుందామని ఆవిడ రైలెక్కి గుడివాడ వెళ్లింది. బాబ్జీ గారింట్లో నీలం పుస్తకం హాల్లోనే ఉంది, బీరువా అద్దాల వెనక. దాని మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు.

"ఒక్కసారి తెరిచి చూడొచ్చాండీ?" అని అడిగింది.

"అయ్యో, కవరు తీస్తే తేమ పట్టేస్తుందమ్మా. మనది సముద్రం గాలి కదా" అన్నారు బాబ్జీ గారు.

గుడివాడకు సముద్రం గాలి ఎప్పటి నుంచి వీస్తోందని ఆవిడ అడగలేదు. బందరులో పెరిగింది, సముద్రం గాలి ఎలా ఉంటుందో తెలుసు. పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలో ఇంకా బాగా తెలుసు. ఇచ్చిన కాఫీ తాగి, అట్టను అద్దంలోంచే కళ్లారా చూసుకుని వచ్చేసింది.

తర్వాత దివిసీమకు, అవనిగడ్డ బస్సెక్కింది. వీరాంజనేయులు మాస్టారు బాబ్జీ గారిలా కాదు. పచ్చ పుస్తకం తెరిచే ఉంది. ముందుమాట నిండా ఎర్ర పెన్సిల్ గీతలు, పక్కన ఆశ్చర్యార్థకాలు. ముందుమాట దాటితే ఒక్క గీత లేదు. కొన్ని పేజీలు పుట్టినప్పుడు ఎలా అంటుకున్నాయో అలాగే ఉన్నాయి.

"ముందుమాట అమోఘం తల్లీ. ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు" అన్నారు మాస్టారు.

"మరి మిగతాది మాస్టారూ?"

"మిగతాది మీలాంటి చిన్నవాళ్ల కోసం అట్టేపెట్టాను."

అట్టేపెట్టింది పెట్టినట్టు ఆవిడ చేతిలో పెట్టేశారు, పైన ఒక అరటిపళ్ల అత్తం కూడా ఇచ్చారు. మనిషి మంచివాడు. ఆ మాట ఎక్కడైనా చెబుతాను.

ప్రసన్నలక్ష్మి మర్నాటి నుంచే మొదలుపెట్టింది. మొదటి అధ్యాయం బాగానే నడిచింది. రెండో అధ్యాయంలో బండి దిగబడింది. పుస్తకంలో దూరానికి మైనస్ పెడుతున్నారు, ఈవిడ లెక్కలో మైనస్ రావడం లేదు. పుస్తకంలో బొమ్మ ఒక పక్క ఏర్పడుతోంది, ఈవిడ లెక్కలో ఇంకో పక్క. పేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. "ఇక్కడ నేనేం తప్పు చేస్తున్నానో కొంచెం చెబుతారా అండీ?"

ఎంత సంస్కారంగా స్పందించామో! అందరం బొటనవేళ్లు పైకెత్తాం. "మంచి ప్రశ్న" అన్నాం. "ఇలాంటి ప్రశ్నలే రావాలి" అన్నాం. బాబ్జీ గారు, "ఈ మైనస్ విషయం మీద వేరే ఒక పుస్తకం ఉందండీ" అని దాని పేరు పెట్టారు.

అప్పుడు ఆవిడ ఒక పొరపాటు చేసింది. చిలకలపూడి మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. అక్కడ ఒక నగను ఏ ఒక్క ఇల్లూ పూర్తిగా చెయ్యదు. ఒక ఇంట్లో తీగ లాగుతారు, ఒక ఇంట్లో అతుకుతారు, ఒక ఇంట్లో రాళ్లు పొదుగుతారు, ఇంకో ఇంట్లో మెరుగు పెడతారు. వీధి వీధంతా తిరిగితే గానీ నెక్లెస్ నెక్లెస్ కాదు. లోకమంతా ఇలాగే నడుస్తుందని ఆవిడ నమ్మకం. గ్రూపులో రాసింది: "మా ఊళ్లో నగ పని ఇల్లిల్లూ పంచుకుంటామండీ. ఈ పుస్తకం కూడా అలా పంచుకుందామా? తలా ఒక అధ్యాయం చదివి, అందులో ఏముందో ఆదివారం నాడు నాకు చెప్పండి. అన్నీ కలిపి నేను లెన్సు గీసుకుంటాను."

అందరం ఒప్పేసుకున్నాం. ఆవిడ పెట్టిన పేజీల ఫొటోలు అధ్యాయాల వారీగా పంచుకున్నాం. నాకు ఐదో అధ్యాయం వచ్చింది.

ఆదివారం వచ్చింది. ఒక్కొక్కరే నివేదిక సమర్పించారు. మూడో అధ్యాయం తీసుకున్నాయన, ఆ అధ్యాయంకన్నా బాగా రాసిన ఇంకో పుస్తకం పేరు చెప్పారు. నాలుగో అధ్యాయం వారు రెండు పుస్తకాల పేర్లు చెప్పారు. ఐదో అధ్యాయం గురించి నేను జర్మన్ పుస్తకాన్నే మరోసారి గుర్తుచేశాను. మాస్టారు మాత్రం మాట మీద నిలబడి, తన వాటాగా అడిగి తీసుకున్న ముందుమాటను మొత్తం చదివి వాయిస్ మెసేజ్ పెట్టారు.

ఆ రోజు ఆవిడకు ఏడుపొచ్చింది. పుస్తకం మూసేసి పక్కన పెట్టేసింది. నాగవంశీ వచ్చి, "పోనీలేవే, రాళ్ల పని ఆపేద్దాం. నా అతుకుల్లో సాయం చేద్దువుగాని" అన్నాడు. అతను ప్రేమగానే అన్నాడు. ఆవిడకు మాత్రం డాక్టరు మాట రెండోసారి విన్నట్టయింది.

అంతలో ఫోన్లో ఒక మెసేజ్ వచ్చింది. గ్రూపులో ఎప్పుడూ నోరు మెదపని జూనియర్ నాగదుర్గ. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే ఇంటి అమ్మాయి. "అక్కా, చెక్క మీద సన్న గీతలు చెక్కీ చెక్కీ నాకూ మెడ పోయింది. నాకూ అలాంటి అద్దం కావాలి. వీళ్లు చెప్పిన పుస్తకాల్లో ముందు ఏది చదవాలి?"

ఇప్పుడు ఒక బాధ్యత గల వ్యక్తి ఏం చెయ్యాలి? పుస్తకం పేరు చెప్పాలి. వీలైతే అంతకుముందు చదవాల్సిన దాని పేరు కూడా చెప్పాలి. అన్ని పేర్లు ఫోన్లో పెట్టుకుని ప్రసన్నలక్ష్మి ఏం రాసిందో తెలుసా?

"ఏది చదవాలో నాకూ తెలీదమ్మా. నా దగ్గర ఒకటుంది. రెండో అధ్యాయంలో ఆగిపోయాను. నువ్వు రా, కలిసి చూద్దాం."

ఘోరం కదండీ! పుస్తకం పేరు అడిగితే ఇంటికి పిలుస్తారా ఎవరైనా? పైగా తెలీదని ఒప్పుకుంటారా? మేం ఇన్నాళ్లూ కాపాడుకొచ్చిన సంప్రదాయం ఏమైపోవాలి?

నాగదుర్గ నిజంగానే వచ్చింది. కాగితం చాలక ఇద్దరూ వాకిట్లో ముగ్గు పిండితో ఒక రాయిని, దాని కుడి పక్క లెన్సును గీశారు. దూరాలకు చుక్కలు పెట్టారు, చుక్కల మీదుగా కిరణాలు లాగారు. ప్రసన్నలక్ష్మి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కాసేపు చూసి నాగదుర్గ, "అక్కా, నువ్వు రాయి దగ్గర్నుంచి ఎందుకు లెక్కపెడుతున్నావు?" అంది.

రాళ్లు పొదిగే మనిషి ఇంకెక్కడి నుంచి లెక్కపెడుతుంది? ఆవిడ లోకంలో ఏ కొలతైనా రాయి దగ్గరే మొదలవుతుంది. పుస్తకమేమో లెన్సు దగ్గర మొదలుపెట్టమంటోంది. లెన్సుకు కుడి వైపు చుక్కలు ప్లస్, ఎడమ వైపు చుక్కలు మైనస్. అంతే. ఇన్నాళ్లూ గ్రూపంతా కలిసి తీర్చలేకపోయిన మైనస్ వాకిట్లో దొరికింది. ఇద్దరూ ఎంత గట్టిగా నవ్వారంటే, వీధి గదిలో నాగవంశీ అతుకు తప్పాడు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఇదే వరస. ఒకసారి ఈవిడ పెడన వెళ్తుంది, ఒకసారి ఆ అమ్మాయి చిలకలపూడి వస్తుంది. ఒక అద్దం విడగొట్టిన రంగుల్ని ఇంకో రకం గాజు అద్దం మళ్లీ కలుపుతుందని తెలుసుకున్నారు. రెండు అద్దాల్నీ బందరు కళ్లద్దాల షాపులో అరగదీయించి అతికించుకున్నారు. మొదటి జత దండగైంది. రెండో జత నిలబడింది. అంచున పలచగా రంగు ఇంకా మిగిలే ఉంది గానీ, తెల్ల రాయి తెల్లగా కనిపిస్తోంది. ప్రసన్నలక్ష్మి ఇప్పుడు నడుం నిటారుగా పెట్టి కూర్చుని పొదుగుతోంది. చెయ్యి తిమ్మిరి తగ్గింది. పని మానే మాట మళ్లీ ఎత్తలేదు.

పుస్తకం గతి మాత్రం చూడలేం. ముందుమాట తర్వాత మచ్చలేని పుస్తకం, ఇప్పుడు దాన్నిండా ముగ్గు పిండి, టీ మరకలు. మాస్టారి ఎర్ర గీతల పరువు తీస్తూ పేజీ పేజీకీ కొట్టివేతలు.

ఈ వార్త తెలిసి గ్రూపులో మేమంతా గర్వపడ్డాం. మా మార్గదర్శకత్వం వృథా పోలేదు కదా! బాబ్జీ గారు అందరి తరఫునా అడిగారు: "శుభం ప్రసన్నలక్ష్మి గారూ. ఇంతకీ మేం చెప్పిన పుస్తకాల్లో ఏది బాగా ఉపయోగపడిందో చెప్పండి. రాబోయే తరాలకు సిఫార్సు చేద్దాం."

ఆవిడ జవాబు పెట్టింది. "పుస్తకం ఇంట్లోనే ఉందండీ. ఇప్పుడు ఐదో అధ్యాయంలో ఉన్నాం, అక్కడ మాకూ కొంచెం కష్టంగానే ఉంది. ఈ ఆదివారం మీరూ రండి, కలిసి కూర్చుందాం."

అందరం చదివాం. బాబ్జీ గారు ఏదో టైప్ చేస్తున్నట్టు చాలాసేపు కనిపించింది, తర్వాత అదీ ఆగిపోయింది.

మీరే చెప్పండి. పుస్తకం పేరు అడిగితే ఎన్నైనా చెబుతాం. వచ్చి పక్కన కూర్చోమంటే, అందరికీ ఎక్కడ కుదురుతుందండీ?