గిడ్డమ్మ తిరిగొచ్చేలోపు ఒక పాట

రెండో శనివారం పొద్దున ఓబుళేశు తలలో ఉన్న పథకం ఒక్కటే. అత్తగారు గిడ్డమ్మ కంటి ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేలోపు గిటారు మీద ఒక పాటను మొదటినుంచి చివరిదాకా వాయించేయాలి. లేకపోతే గిటారు ఇల్లు దాటుతుంది. ఆ మాట అన్నది భార్య సుజన. ఆమె మాట అన్నదంటే అన్నదే.

"మా అమ్మకు ఆపరేషన్ కంటికి చేసినారు, చెవులకు కాదు. నీ టింగుటింగుకు రాత్రి నిద్రల్యా ఆమెకు. కట్టు విప్పించుకొని వస్తాము. అంతలోపల ఒక్క పాట పూరా రాకుంటే మా తమ్ముడొచ్చి ఆ డబ్బా ఎత్తుకపోతాడు."

"పోయి రాండి. మీరొచ్చేతలికి మన వీధంతా ఈడ కూర్చొని ఇంటాంటాది, చూస్కో!" అన్నాడు ఓబుళేశు.

అతని ధీమా అలాంటిది మరి. విత్తనాల కంపెనీ ఉద్యోగి. చుక్క వాన పడని ఏట కూడా నవ్వుతూ వేరుశనగ విత్తనాలు అమ్మిన మనిషి.

కంటికి తెల్లకట్టు కట్టిన గిడ్డమ్మను సుజన ఒకవైపు, ఆటో బాలస్వామి ఒకవైపు పట్టుకుని, దాదాపు ఎత్తి ఆటోలో వేశారు. ముందు రాత్రి నిద్ర లేక ఆమె తల వాల్చేసింది. తొందరలో సుజన ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌లోనే ఉండిపోయింది. ఎదురింటి తిరుపతమ్మ ముగ్గు పిండి చేతిలో పట్టుకుని ఇదంతా చూసి, "పాపం" అనుకుంది.

ఓబుళేశు గిటారు అందుకున్నాడు. ఫోన్‌లో వీడియోలు చూసి ఇంతకాలం ఇంగ్లీషు పాటలూ సినిమా పాటలూ నేర్చుకుంటూనే ఉన్నాడు. వీడియోలోని కుర్రాడి వేళ్ళు తీగల మీద పరిగెత్తేవి, ఇతని వేళ్ళు ఒకదానికొకటి అడ్డం పడేవి. ఆ రోజు కసిగా నొక్కేసరికి సన్నతీగ ఠప్పున తెగింది. ఒళ్ళు మండి, బొటనవేలితో లావుతీగను అదేపనిగా కొట్టాడు. బొంయ్... బొంయ్... బొంయ్.

చెయ్యి ఆగిపోయింది. ఇది తాత తంబురా మోతే! ఊళ్ళో సాయంత్రంపూట తాత తత్వాలు పాడుతుంటే ఆయన తొడ మీద తల పెట్టుకుని విన్న మోత. ఓబుళేశు మళ్ళీ కొట్టాడు. గొంతు దానంతట అదే లేచింది, మరిచిపోయాననుకున్న తత్వం చరణం తర్వాత చరణం వచ్చేసింది. తనకు కావలసిన సంగీతం ఇదేనని తెలిసి ఎంత సంతోషమేసిందంటే, కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

ఆ సీమలో తత్వాలు భజనల్లో పాడతారు, చావింట శవం ముందరా పాడతారు. ఓబుళేశుకు మొదటిది గుర్తొచ్చింది, కిటికీలోంచి చూసిన తిరుపతమ్మకు రెండోది. ఏడుస్తున్న మనిషిని ఏమైందని అడగడం పద్ధతి కాదు కదా. చావింట పొయ్యి వెలిగించరు కాబట్టి గబగబా ఉప్మా చేసి తెచ్చింది.

"రెండు ముద్దలు తిను నాయనా. ఇట్ల పాడితే ఒంట్లో బలముండొద్దా?"

మొదటి పాటకే టిఫిను! ఓబుళేశు పొంగిపోయాడు. ఆమె ఇంకో నలుగురికి చెప్పింది, ఆ నలుగురు వీధికంతా చెప్పారు. ఒక్కొక్కరే వచ్చి, చెప్పులు బయట విడిచి, తలలు వంచి కూర్చున్నారు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకుంటుంటే ఓబుళేశు ఆ చరణాన్నే మళ్ళీ అందుకున్నాడు. కాసేపటికి ఎవరో వాకిట్లో షామియానా కూడా వేయించారు. పాటంటే ఇదీ, అనుకున్నాడు.

భజన గురువు నరసన్న తాళాలతో, జట్టుతో, పెద్ద పూలహారంతో దిగాడు. హారం ఎక్కడ వేయాలో తెలియక దిక్కులు చూస్తుంటే ఓబుళేశు వినయంగా మెడ వంచాడు. దుఃఖంతో మతి చలించిందనుకుని నరసన్న కాదనలేక వేసేశాడు.

"ఆస్పత్రి నుంచి ఎప్పుడు తెస్తారప్పా?" అన్నాడు మెల్లగా.

"ఇంగ తెచ్చే యాళైంది. వచ్చినాంక ఆమె ముందర మళ్ళా పాడతా."

"పాడాల్సిందేలే నాయనా," అంటూ నరసన్న తాళం అందుకున్నాడు.

పాట మంచి ఊపులో ఉండగా ఆటో ఆగింది. షామియానా చూసి సుజన కెవ్వుమంది. ఆమె వెనకాల నల్లద్దాలు పెట్టుకుని గిడ్డమ్మ దిగింది. నరసన్న చేతిలోంచి తాళాలు కింద పడ్డాయి.

"అక్కా... నువ్వు పోల్యా?" అంది తిరుపతమ్మ.

"యాడికి?"

తిరుపతమ్మ చూపు అల్లుడి మెడలోని హారం మీదికి పోయింది. ఓబుళేశుకు మెల్లగా అంతా అర్థమైంది. ఉప్మా, కన్నీళ్ళు, మెడలో హారం, ఏదీ తన పాటకు కాదు. తలెత్తకుండా గిటారును సంచిలో దూర్చసాగాడు.

గిడ్డమ్మ కొత్త కంటితో ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చింది.

"ఈళ్ళంతా నాకోసరమే వచ్చినారా? ఆ గోడకాడామె ఎవరు? నన్ను చూసిందే ల్యా, ఎంత బాగ ఏడ్సిందో చూడు! నా కోడలు గూడా ఇంత ఏడ్వదు." అల్లుడి వైపు తిరిగింది. "ఆ హారమిట్లియ్యి, అది నాది."

హారం వేసుకుని కుర్చీలో కూర్చుంది.

"ఆపినారేమప్పా? పోయినాంక పాడితే నేనింటానా? అల్లుడా, మొదట్నుంచి పట్టు. ఆ ఇంగిలీసు టింగుటింగు వద్దు, ఇదే."

ఓబుళేశు పట్టాడు. నరసన్న జట్టు తాళమేసింది, జనం వంత పాడారు, గిడ్డమ్మ తలూపింది. ఈసారి ఎవరూ ఏడవలేదు, ఎవరూ లేచి పోనూ లేదు. పాట పూరా అయ్యేసరికి సుజన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి మాత్రం పాటకే.

"ఆ తెగిన తీగ బదులు కొత్తది ఏపిచ్చుకో," అంది.

"వద్దులే. అది ల్యాకుండానే బాగుండాది."

గిటారు ఇంట్లోనే ఉండిపోయింది. కాకపోతే, మంచాన పడ్డ పెద్దవాళ్ళున్న ఇళ్ళ ముందు నుంచి దాన్ని గోనెసంచిలో చుట్టి తీసుకుపొమ్మని వీధివాళ్ళు ఓబుళేశును మర్యాదగా వేడుకున్నారు.