తప్పు చేయని యంత్రం

నారాయణఖేడ్‌లో మనుషులు తప్పులు చేసే కాలం ముగిసిందని రెండువేల తొమ్మిది ఎండాకాలంలో మంత్రి ప్రకటించారు. ఊరి చివరి కొత్త దవాఖానలో సెలైన్ ఎక్కించే కంప్యూటర్ యంత్రానికి ఆరోజు ప్రారంభోత్సవం. చుక్కలను అదే లెక్కగడుతుంది, సీసా అయిపోగానే అదే ఆగుతుంది. ఆగకపోతే నరంలోకి గాలి వెళ్లి ప్రాణం పోతుంది కాబట్టి తప్పకుండా ఆగుతుందని దానితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది.

దాని బాధ్యుడు స్టాన్లీ. వాళ్ల వంశంలో మొదటి ఇంజనీరు గనుక వేదిక ఎక్కించారు.

“ఆర్నెల్ల సంది ఈడ్నే ఉంది గదా తమ్మీ, ఒక్క తప్పన్న జేసిందా?” అని మంత్రి అడిగారు.

“లేదు సార్.”

ఎలా చేస్తుంది? ఆరు నెలలుగా దాన్ని ఎవరికీ తగిలించలేదు. స్టాన్లీ ఒకసారి స్విచ్ వేస్తే, రోగి లేకుండానే తెర మీద ‘రోగి క్షేమం’ అని పచ్చటి అక్షరాలు వెలిగాయి. దాన్ని సాఫ్ట్‌వేర్ ముందుచూపు అనుకున్నాడు. నిమ్మకాయ, కొబ్బరికాయ, పాస్టర్ ప్రార్థన కూడా కావడంతో పరీక్షలన్నీ పూర్తయ్యాయి. తప్పు కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు అని చెబుదామనే అతను మైకు అందుకున్నాడు. కానీ అతని డిగ్రీ కొత్తది, మంత్రి పదవి పాతది. “వంద శాతం సేఫ్” అని నోరు దానంతటదే అనేసింది. చప్పట్లు మోగాయి.

వారం తిరక్కుండా అతని తల్లి ఆనందమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మనూర్ నుంచి ఆటోలో తెచ్చేసరికి కళ్లు తేలేస్తోంది. పార్టీ కార్యకర్త నర్సింగ్ అప్పటికే విలేకరులను తెచ్చి వార్డు బయట నిలబెట్టాడు.

“ఇంజనీర్ తల్లే మొదటి పేషెంటు. ఇంతకన్న రుజువేం గావాలె అన్నా? జల్దీ తగిలియ్, మంత్రి సార్ వస్తుండు.”

స్టాన్లీ గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. వంద శాతం అన్నప్పుడు అందులో అమ్మ లేదు.

“సిస్టర్, అమ్మకు మామూలు సీసా పెట్టు” అన్నాడు నర్సు గ్లోరీతో మెల్లగా.

“మరి మిషన్?”

అతను మంచం కింది బకెట్ వైపు చూశాడు.

మంత్రి వచ్చేసరికి పరదా చాటు సీసా నుంచి ఆనందమ్మకు చుక్కచుక్కగా మందు ఎక్కుతోంది. యంత్రం గొట్టం బకెట్‌లో ఉంది. కొంత తేరుకున్న ఆనందమ్మను మంత్రి పలకరించారు.

“ఎట్లున్నదమ్మా మిషన్?”

“మంచిగనే ఉంది బిడ్డా. ఎవ్వల జోలికి పోతలేదు.”

మంత్రి మనసు కదిలిపోయింది. అక్కడికక్కడే మండలానికొక యంత్రం మంజూరు చేశారు. ఫోటోలో నడుమ స్టాన్లీనే నిలబెట్టారు.

అందరూ వెళ్లిపోయాక అతను వంగి మంచం కిందికి చూశాడు. యంత్రానికి పెట్టిన సీసా ఎప్పుడో అయిపోయింది. బకెట్‌లో బుడగలు వస్తూనే ఉన్నాయి.

పైన పచ్చటి అక్షరాలు. రోగి క్షేమం.