బాలమల్లు నలభై ఒక్క వేల అడుగులు

సోమవారం పొద్దున బాలమల్లు ఒక్కటే అనుకున్నాడు: శనివారం దాకా రోజుకు ఆరు వేల అడుగులు నడిచి ఇన్సులిన్ సూది తప్పించుకోవాలి. కరీంనగర్ డాక్టరు పెట్టిన షరతు అది. ఫోను జేబులో ఉంటే చాలు, అడుగులు అదే లెక్కపెట్టి ఆస్పత్రికి పంపుతుంది. అరవై ఆరేళ్ల బాలమల్లుకు సూది పేరెత్తితేనే చెమటలు.

సిరిసిల్లలో ఆయన పనిచేసే మరమగ్గాల షెడ్డులో ఒకటే ఉక్క. నలభై ఏళ్ల అలవాటు ప్రకారం అంగీ విప్పి, దడదడలాడే మగ్గం చట్రానికి తగిలించి, బనీను మీద పనిలో పడ్డాడు. ఫోను అంగీ జేబులోనే ఉంది. మగ్గం ఊగినప్పుడల్లా తానూ ఊగుతూ, ఊపుకొక అడుగు చొప్పున లెక్క రాసుకుంది.

సాయంత్రం ఆస్పత్రి నర్సు మమతారాణి ఫోన్ చేసింది. "తాతా, ఇయ్యాల నలభై ఒక్క వేల అడుగులు నడిచిన్రా?"

పొద్దటి నుంచి ఒక్కసారీ కూర్చోలేదన్న మాట నిజమే. "నడిచే ఉంట బిడ్డా. నడుము గుంజుతుంది మరి."

భార్య శంకరవ్వ ఫోను లాక్కుంది. "గన్ని అడుగులంటే కరీంనగర్ పోయినట్టే! ఎవరింటికి పోయినవయ్యా?"

ఆయన నోరు తెరిచేలోగా డాక్టరు వీడియోలోకి వచ్చి పాదాలు చూపించమన్నాడు. శంకరవ్వ ఫోను తిప్పింది. మొదట ఫ్యాను, తరవాత పప్పుగిన్నె, చివరికి బీటలువారిన మడమలు కనిపించాయి. డాక్టరు బెదిరిపోయాడు.

"షుగరున్న కాళ్లు తాతా ఇవి! పుండు పడితే మానదు. శనివారం దాకా మంచం దిగొద్దు. అడుగేస్తే నాకిక్కడ తెలుస్తుంది."

మంగళవారం శంకరవ్వ బీడీల పనికి వెళ్లగానే బాలమల్లు ఫోనును మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి బయటపడ్డాడు. అంత దూరం నడిచిన మనిషి ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఎలా ఉంటాడు?

మంగలి వెంకటి నమ్మలేదు. "జూటా మాటలు చెప్పకు మల్లన్నా. సాక్ష్యం ఉన్నదా?"

సాక్షిగా పక్క మగ్గం రాజయ్యను పిలుచుకురావడానికి బాలమల్లు ఊరి ఆ చివరికి నడిచాడు.

"నువ్వు మగ్గం కాడ్నే ఉంటివి గదనే?" అన్నాడు రాజయ్య.

"నువ్వు సరిగ్గ చూడలే!"

సరిగ్గా చూసినవాళ్ల కోసం బుధవారం తిరిగాడు, గురువారం తిరిగాడు, శుక్రవారం నాలుగు వాడలూ తిరిగాడు. ఎవరూ సాక్ష్యానికి రాలేదు గానీ, ప్రతివాళ్లూ స్టూలు వేసి మంచినీళ్లిచ్చారు. రోజూ శంకరవ్వ వచ్చేసరికి ఆయన మంచం మీద బుద్ధిగా ఉండేవాడు.

శనివారం రక్తపరీక్ష ఫలితం చూసి డాక్టరు ఫోనులో నవ్వాడు. "షుగరు బాగా దిగింది తాతా. సూది అక్కర్లేదు."

శంకరవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. "నాలుగు దినాలు కుదురుగ పండుకున్నడు సారూ. గా పుణ్యమే."

డాక్టరు లెక్కలు మళ్లీ చూశాడు. సోమవారం నలభై ఒక్క వేలు, ఆ తరవాత నాలుగు రోజులూ సున్నా. కాసేపు ఆలోచించి, పేషెంటు పేరు కింద జాగ్రత్తగా రాసుకున్నాడు: "ఇతనికి నడక పడదు."