నూట పదిహేడో బిళ్ళ

దుర్గం రాజలింగు సాయంత్రం అయిదులోగా తన పుస్తకం సరిగ్గా నింపకపోతే, ముప్పై ఎనిమిదేళ్ళ కిందట బొగ్గుగనిలో చనిపోయిన గజ్జెల మల్లేశం అసలు పుట్టనే లేదని తేలుతుంది. మల్లేశం పుట్టకపోతే అతని కూతురు సునంద కూడా పుట్టలేదు. ఆమెకు ముప్పై ఏడేళ్ళు, ఇద్దరు కొడుకులు, అంగన్‌వాడీలో ఉద్యోగం. వాటి సంగతి ఆయా శాఖలు చూసుకుంటాయి.

నియమం కొత్తదేం కాదు. డెబ్బై నిండిన ప్రతివాళ్ళూ జీవిత సమీక్ష పుస్తకం రాసి ఇవ్వాలి. వంద ప్రశ్నలు, ప్రశ్నకు నాలుగు గీతలు, ప్రతి జవాబు పక్కన మనసు గళ్ళు నాలుగు: కృతజ్ఞత, సంతృప్తి, క్షమ, సర్దుబాటు. ఏదో ఒకదానిలో టిక్కు పెట్టాలి. మొదట్లో ఇది ముసలివాళ్ళ గుండె బరువు దిగడానికి డాక్టర్లు చెప్పిన పద్ధతి. బాగా పనిచేసింది. అందుకని తప్పనిసరి చేశారు. పుస్తకంలోకి ఎక్కనిది మనసులో మిగలకూడదనీ, ఎవరి మనసులోనూ లేనిది లోకంలో ఉండి ప్రయోజనం లేదనీ తర్వాత ఒక సవరణ వచ్చింది.

కిందటేడు పక్క లైనులో ఉండే బానయ్య పంతొమ్మిదో ప్రశ్న దగ్గర తమ్ముడి పేరు రాయడం మరిచిపోయాడు. సాయంత్రానికి తమ్ముడి ఇల్లు ఖాళీ జాగా అయింది. మున్సిపాలిటీ వాళ్ళు మర్నాడే వచ్చి బోర్డు పాతారు. ఆఫీసు నోటీసు బోర్డు మీద ‘జరగనివి’ అనే జాబితాలో ఆ తమ్ముడి పేరు ఒకరోజంతా ఉంది. అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. బానయ్య కూడా చదివాడు. ఎవరో పాపం అనుకున్నాడు.

చనిపోయినవాళ్ళకు నిబంధన ఇంకాస్త గట్టిది. వాళ్ళు ఉండి ఉండాలంటే రెండు పుస్తకాల్లో ఉండాలి. రెండోదాంట్లో చావుకు కారణం, ప్రమాదమైతే ఎవరి తప్పో కూడా ఉండాలి. మల్లేశం పేరు మొదటి పుస్తకంలో ఉంది, అది అతని భార్య పోశక్కది; వితంతువులు అరవైకే రాసి ఇవ్వాలి. ‘మంచోడు. నవ్వెటోడు. పోయిండు’ అని చెప్పి రాయించి, సర్దుబాటులో టిక్కు పెట్టించింది. గనిలో అతన్ని ఎరిగినవాళ్ళంతా తమ పుస్తకాలు ఇచ్చేసి చల్లగా ఉన్నారు. మిగిలింది రాజలింగు ఒక్కడే.

ఆ రోజు జులై ఒకటి. బడిలో అయ్యవార్లు వేసిన తారీఖు కాబట్టి నల్లవాగు కాలనీలో సగం మందికి అదే పుట్టినరోజు. పాత క్లబ్బు హాల్లో పెట్టిన సమీక్ష ఆఫీసు ముందు పొద్దున్నే బారు వరస. పోశక్క కూడా వచ్చి గోడ పక్క బెంచీ మీద కూర్చుంది. పదకొండు గంటలకు రాజలింగు వంతు వచ్చింది. మార్గదర్శకురాలు మృదుల పుస్తకం తిప్పి, తొంభై తొమ్మిది జవాబులకు పచ్చ ముద్ర కొట్టి, ముప్పై ఒకటో దాని దగ్గర ఆగింది.

ప్రశ్న: ‘మీరు దగ్గరగా చూసిన ఒక మరణం గురించి రాయండి. అది మీకేం నేర్పింది?’

రాజలింగు రాసింది ఇది: ‘నేను దీపాల గదిలో పనిచేసిన. దిగేటోళ్ళు ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటరు. నీళ్ళు ఊరుతున్నయని ఆ రోజు కిటికీకి ఎర్ర చీటీ పెట్టిన్రు. చీటీ ఉంటే ఎవ్వరికీ దీపం ఇయ్యొద్దు. మేనేజరు వచ్చి చీటీ చింపి జేబుల పెట్టుకున్నడు. పంపు ఆడాలె, మల్లేశంకు దీపం ఇయ్యి అన్నడు. మూడో డిప్పు సొరంగం మునిగింది. మల్లేశం బిళ్ళ నా మేకుకే ఉంది.’

మనసు గళ్ళు నాలుగూ కొట్టేసి, పక్కన ఇంకో గడి తనే గీసి, ‘కోపం’ అని రాశాడు.

“గడి మీరు గీయకూడదు అంకుల్,” అంది మృదుల మెల్లగా. “ఫారం చెల్లదు. ఇంకోటి, బతికున్న మనిషి మీద రాస్తే ఆయన పుస్తకంతో సరిపోవాలి. ఆ మేనేజర్ గారిది చూశాను. మొదటిసారికే పాసైంది. తన తప్పుతో ఒక్క ప్రాణం కూడా పోకుండా ఉద్యోగం చేశానని రాశారు. కృతజ్ఞత.”

“చీటీ చింపింది నేను జూసిన మేడం.”

“చూసే ఉంటారు. మూడు అవకాశాలు ఉంటాయి, ఇది ఒకటి అయింది.”

ఎర్ర ముద్ర వేసి ఆ పేజీ తిప్పి ఇచ్చింది.

రాజలింగు వరండాలో కూర్చుని ఆలోచించాడు. మేనేజరు కుదరకపోతే ఇంకొకరున్నారు. ఎర్ర చీటీ చూసి కూడా దీపం అందించిన చెయ్యి తనదే. ఆ రోజు మల్లేశం నవ్వుతూ సద్ది డబ్బా కిటికీలో పెట్టి, “రాజన్నా, పైలం, తిన్నవంటే జూడు, వచ్చి లెక్కవెడ్త,” అన్నాడు. బిళ్ళ మేకు మీద ఉందంటే మనిషి కిందే ఉన్నట్టు. మేకులన్నీ ఖాళీ అయ్యేదాకా షిఫ్టు రిజిస్టరు మీద సంతకం పెట్టకూడదు. మూడో డిప్పుకు గోడ కట్టి మూసేశారు, శవం రాలేదు. ఆ పేజీ మీద రాజలింగు సంతకం పెట్టలేదు. రిటైరయ్యే రోజు నూట పదిహేడో బిళ్ళ ఇంటికి తెచ్చుకుని గుమ్మం పక్కన మేకు కొట్టి తగిలించాడు.

రెండోసారి ఇలా రాశాడు: ‘ఎవరిదీ తప్పు కాదు. నాదే. దీపం నేను ఇచ్చిన.’ సర్దుబాటులో టిక్కు పెట్టాడు.

మృదుల చదివి తల అడ్డంగా ఊపింది. “ఇది స్వీయనింద. మీ ఆరోగ్యం కోసమే వద్దన్నారు. మీరు బాధపడితే ఈ పుస్తకం ఎందుకు అంకుల్?”

రెండో ఎర్ర ముద్ర పడింది. అప్పుడు టైము మూడుంపావు.

మూడున్నరకు పోశక్క ఫోను మోగింది. సునంద. గొంతు కంగారుగా ఉంది. “అమ్మా, నా వేలిముద్ర పడ్తలేదే. పొద్దుగాల పడ్డది, ఇప్పుడు పడ్తలేదు. ‘మీ ఉనికి పరిశీలనలో ఉంది’ అని మెసేజి వచ్చింది. సూపర్‌వైజరు నన్ను జూసి నువ్వెవరమ్మా అంటుంది.”

“నీళ్ళు తాగి కూసో బిడ్డా. పెద్దబాపు రాస్తుండు,” అని పోశక్క ఫోను పెట్టేసింది. తర్వాత రాజలింగు వైపు చూడకుండా అడిగింది. “ఇంకేం అడుగుతున్నరు అన్నా?”

“ఎవని తప్పో రాయాలె చెల్లె. వాడు బతికున్నోడు కావద్దు. నేను కావద్దు.”

పోశక్క కొంగుతో బెంచీ దుమ్ము దులిపింది. అక్కడ దుమ్ము లేదు.

“ఇగ మిగిలింది ఎవలు?” అంది.

లోపల ఎవరికో పచ్చ ముద్ర పడి చప్పట్లు వినిపించాయి.

“రాయి అన్నా,” అంది పోశక్క. “ఆయిన ఏమనుకోడు. ఎన్ని తిట్టినా నవ్వెటోడు గద.”

“తప్పు గాదా చెల్లె?”

“తప్పే. పిల్ల ఉండాలె గద.”

నాలుగు నలభైకి రాజలింగు లోపలికి వెళ్ళాడు. పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేశాడు. మృదుల ఇలాంటివి చాలా చూసింది, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“చనిపోయినవాళ్ళ మీద రాస్తే ఎవరూ అభ్యంతరం పెట్టరు అంకుల్. వాళ్ళకు పుస్తకం లేదు కదా.”

“వాడు మంచి పనోడు మేడం. గనిల వానంత పైలంగ ఉండెటోడు ఎవ్వడు లేడు.”

“అదీ రాయండి. చోటు ఉంటే.”

చోటు లేదు. నాలుగు గీతలే. రాజలింగు రాశాడు: ‘మల్లేశం చెప్పినా వినక, అజాగ్రత్తతో దిగి చనిపోయాడు. జాగ్రత్తగా ఉండాలని నేర్చుకున్నాను. అతన్ని క్షమించాను.’ గడిలో టిక్కు పెట్టి పైకి చూశాడు. గడియారం నాలుగూ యాభై ఎనిమిది. పచ్చ ముద్ర పడింది. హాల్లో ఉన్నవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. మృదుల మనశ్శాంతి పత్రం చేతికిచ్చి, కళ్ళు తుడుచుకోమని కాగితం రుమాలు అందించింది. ఎందుకు తడిగా ఉన్నాయో తెలియక రాజలింగు మొహమాటంగా తుడుచుకున్నాడు.

బయట పోశక్క ఫోనులో మాట్లాడుతోంది. సునంద వేలిముద్ర పడింది. సూపర్‌వైజరు టీ కూడా పోయించిందట.

“అయిపాయెనా అన్నా?” అంది పోశక్క. “ఏం రాసినవ్?”

“ఏమున్నది చెల్లె, జరిగిందే రాసిన.”

“జరిగిందంటే ఏమున్నది! వద్దు వద్దంటే ఇనకపాయె ముండకొడుకు. కడుపుతోని ఉన్న దాన్ని ఇడిసిపెట్టి ఉరికిండు. ఇన్నేండ్లాయె, తలుసుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతది.”

“పోనీయి. నేనైతే మాఫ్ చేసిన,” అన్నాడు రాజలింగు పెద్దమనిషి తరహాగా.

ఇంటికి వచ్చి తలుపు తీస్తుంటే గుమ్మం పక్కన మేకుకు ఇత్తడి బిళ్ళ కనిపించింది. నూట పదిహేడు అని ఉంది. దీపాల గదిలో ముప్పై ఏళ్ళు చేసినవాడు కాబట్టి అదేమిటో తెలుసు. ఇంట్లో ఎందుకుందో తెలియలేదు. ఏ షిఫ్టూ బాకీ లేదు, అన్ని రిజిస్టర్ల మీదా తన సంతకం ఉంది. బిళ్ళ తీసి అటూ ఇటూ చూసి, చాలాకాలంగా ఊగుతున్న మంచం కోడు కింద పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

మర్నాడు పత్రానికి ప్లాస్టిక్ తొడుగు వేయించుకోవడానికి ఆఫీసుకు వెళ్ళాడు. పోశక్క కూడా వచ్చింది, ఆమె ముఖం వెలిగిపోతోంది. నోటీసు బోర్డు మీద ‘జరగనివి’ జాబితాలో కొత్తగా ఒక్క వాక్యమే ఉంది: ‘నల్లవాగు గని, దీపాల గది కిటికీ: ఎర్ర చీటీ ఒకటి. అభ్యంతరాలు సాయంత్రం అయిదులోగా.’

“ఏం రాసిన్రు అన్నా?” అంది చదువురాని పోశక్క.

“ఏం లేదు చెల్లె. మనది గాదు.”

ఆ పక్కనే ఇంకో కాగితం అంటించి ఉంది. మూడో డిప్పు గోడ తీసి మళ్ళీ తెరుస్తున్నారు. పంపు మీదికి మనుషులు కావాలి. దాని మీది పంపు బొమ్మను పోశక్క గుర్తుపట్టి వేలితో చూపించింది. “సునంద పెద్దకొడుకుకు అండ్లనే వచ్చింది అన్నా. సోమవారం దిగుతడు. ఇప్పుడే ఫోన్ జేసి జెప్పిండు. నాకైతే జర భయమైతుంది.”

రాజలింగు కళ్ళజోడు సర్దుకుని కాగితం చివరిదాకా చదివాడు. అనుభవమున్న మనిషి, ధైర్యం చెప్పాలి.

“భయమెందుకు చెల్లె, మంచి కొలువు,” అన్నాడు. “పైలంగ ఉండుమను. వాళ్ళ తాత తీరుగ జేయకుంటే సాలు.”